తట్టలో మిగిలిన ఉంగరం

మా సార్ పోయారన్న కబురు నాకు ఒక స్టీలు తట్టలో దొరికింది. నేను పనిచేసే చోట లేజర్ గదిలోకి అడుగుపెట్టే ముందు ఉంగరాలు, వాచీలు, గాజులు, ఫోన్లు అన్నీ తలుపు బయట స్టూలు మీదున్న కంచంలాంటి తట్టలో వదిలి వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం పని ముగించి బయటికి వచ్చి, గాజులు తొడుక్కుంటూ ఫోను చూస్తే, అనంతపురం నుంచి పెద్దమ్మ చేసిన కాల్స్ వరుసగా ఉన్నాయి. పెద్దమ్మ అంటే సార్ భార్య. ఆమె తనంతట తాను నాకెప్పుడూ ఫోను చేయలేదు. సార్ మాట్లాడడం అయ్యాక ఆయన చేతిలోంచి తీసుకుని రెండు ముక్కలు మాట్లాడేది, అంతే. తిరిగి ఫోను చేయకముందే నాకు సగం అర్థమైపోయింది.

"కండ్లు భద్రమా, పాపా?" అంది ఎత్తగానే.

అది సార్ అడిగే ప్రశ్న. ఆయన ఫోను చేస్తే బాగున్నావా అనిగానీ, తిన్నావా అనిగానీ అడిగేవారు కాదు. ఇన్నేళ్ళూ మొదటి మాట అదే. ఇప్పుడది ఆమె నోట వినేసరికి ఒళ్ళు జల్లుమంది.

"భద్రమే పెద్దమ్మా. సార్ ఏరి?"

"సారు ల్యాడమ్మా. ఎండ తగిలి పోయినాడు."

ఎండ! బతుకంతా వెలుతురుకు భయపడిన మనిషిని చివరికి వెలుతురే పొట్టన పెట్టుకుంది. దీన్ని రాత అంటారో, పగ అంటారో నాకు తెలియదు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

సార్ మాకు డిగ్రీలో ఫిజిక్స్ చెప్పారు. మొదటిసారి చూసినవాళ్ళు ఎవరైనా ఈయనకు పొగరు అనుకునేవాళ్ళు. మనం ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే ఆయన మన ముఖం చూడరు. మన చెవి పక్కగా, వెనకనుంచి ఎవరో వస్తున్నట్టు అటు చూస్తారు. కాలేజీలో చేరిన కొత్తలో నేను ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అమ్మాయిలం కొందరం ఆయన గదిలోకి ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళం. మన వెనక ఏదో ఉంది, అది ఆయనొక్కరికే కనపడుతోంది అని మా భయం.

ఒకరోజు మాలో ఒకతె ధైర్యం చేసి అడిగేసింది. సార్ నవ్వారు. "నేరుగా చూస్తే నీ మొగం పోతాదమ్మా. పక్కకు చూస్తే వస్తాది. నువ్వు పోకూడదనే పక్కకు చూస్తాండా" అన్నారు.

ఆయన వయసులో ఉన్నప్పుడు దూరాన ఒక పెద్ద ఊళ్ళో లేజర్లు కట్టే పరిశోధనాశాలలో పనిచేశారు. అక్కడ ఒక వెలుతురు ముక్క దారి తప్పి కంట్లో పడింది. ఎడమ కన్ను చిన్నప్పటినుంచే మందం. పోయింది మంచి కన్ను. మొత్తం పోయినా ఒక తీరు. దాని నడిమధ్యన చిల్లు పడింది. చుట్టూరా అంచులు కనపడతాయి, మధ్యలో ఉన్నది కనపడదు. ఏది చూడాలని కన్ను తిప్పుతారో సరిగ్గా అదే మాయమవుతుంది. అన్నం ముద్ద, పుస్తకంలో అక్షరం, ఎదుటి మనిషి ముఖం, ఏదైనా అంతే. ఆ పని వదిలి మా కరువు సీమకు తిరిగి వచ్చి, పుస్తకం పట్టకుండా పాఠం చెప్పే మేష్టరయ్యారు. బోర్డు మీద ఆయన రాసే వరుసలు వాలుగా కిందికి జారుతూ ఉండేవి. మమ్మల్ని గొంతును బట్టి గుర్తుపట్టేవారు.

తట్ట అలవాటు ఆయన మొదలుపెట్టిందే. మా కాలేజీ ల్యాబులో ఒక చిన్న లేజర్ ఉండేది. జాతరలో పిల్లలు కొనుక్కునే లైటుకూ దానికీ పెద్ద తేడా లేదు. గోడ మీద ఎర్రటి చుక్క పడేది, అంతే. దానికోసం ఈయన తలుపు బయట స్టూలు వేసి, స్టీలు తట్ట పెట్టి, వెలుతురు తగిలి కంట్లోకి ఎగురుతుందని మెరిసే వస్తువన్నది ఒంటి మీద లేకుండా తీయించేవారు. మెడలో గొలుసుంటే లోపలికి దోపుకోవాలి. తట్ట కూడా గడప దాటి లోపలికి రాకూడదు. మేము నవ్వుకునేవాళ్ళం.

"నవ్వండి, నవ్వండి. ఇది పిల్లికూన. పులి కాడ ఎట్ల మెలగాలో పిల్లికూన కాడే నేర్చుకోవల్ల" అనేవారు.

ఇంకో నియమం ఉండేది. వంగితే కళ్ళు మూసుకుని వంగాలి. లేజర్ బల్ల మీద ఒకే ఎత్తున పోతుంది. నిలబడినంతసేపూ మన కళ్ళు దానికి పైన ఉంటాయి. కింద పడిన పెన్ను కోసం వంగినప్పుడు కళ్ళు ఆ ఎత్తును దాటుకుంటూ కిందికి పోతాయి, మళ్ళీ దాటుకుంటూ పైకి వస్తాయి. ఆ దాటే క్షణంలో ఏమైనా జరగవచ్చు. అందుకని మూసుకోవాలి. సార్‌కు ఇది ఎముకల్లో ఇంకిపోయింది. చెప్పులు వేసుకునేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కునేటప్పుడు మూసుకునేవారు. కాలేజీ ముందర టీ కొట్టాయన మాతో, "ఏమన్నా భక్తి ఈ సారుది! చెప్పులేసుకునేకి గూడా దేవుణ్ని తల్చుకుంటాడప్పా" అని మెచ్చుకునేవాడు. దేవుడు కాదు, అది భయం అని మేము ఆయనకు చెప్పలేదు.

సాయంత్రం ల్యాబు మూసే ముందు సార్ తట్టలోకి చేయి పెట్టి తడిమి చూసేవారు. "తట్టలో వస్తువుంటే లోపల మనిషుండాడని లెక్క" అనేవారు. ఒకసారి మా క్లాసు కుర్రాడు వాచీ మరిచిపోయి బస్టాండుకు వెళ్ళిపోయాడు. గది ఖాళీగా ఉందని మేమెంత చెప్పినా సార్ తాళం వేయలేదు. తలుపు దగ్గర నిలబడి ఖాళీ గదిలోకి "ఎవరప్పా ఆడ?" అని పిలుస్తూనే ఉన్నారు. ఎవరో సైకిలు మీద వెళ్ళి ఆ కుర్రాణ్ణి పట్టుకొచ్చి, వాడు వాచీ చేతికి పెట్టుకున్నాకే తాళం పడింది. ఆ ఖాళీ గదిలోకి ఆయన పిలిచిన పిలుపు నాకు నవ్వు తెప్పించలేదు.

మా అమ్మ ఆయనతో కొట్లాడిన రోజు చెప్పాలి. మాది శింగనమల చెరువు కింద పల్లె. మా అమ్మ కూలికి పోయేది. ఒక శుక్రవారం నేను ల్యాబు నుంచి గాజులు తొడుక్కోవడం మరిచి, ఉత్త చేతులతో బస్సు దిగాను. మా అమ్మ వాకిట్లోనే ఆపేసింది. "ఎవురు పోయినారని చేతులు బోడి చేసుకున్యావే?" అని కేకలు. మర్నాడు కూలి మానుకుని నాతోపాటు కాలేజీకి వచ్చింది.

"ఏం సారూ, పెండ్లి గావాల్సిన బిడ్డ. చేతులు బోడిగా పెట్టిస్తావా?" అని నిలదీసింది. సార్ ఎప్పటిలాగే ఆమె చెవి పక్కకు చూస్తూ వింటున్నారు. మా అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసి ఇంకా మండిపడింది. "ఆడెవరుండారు? నేనీడుండా. నన్ను జూసి మాట్లాడు!"

"నిన్నే చూస్తాండా తల్లీ. గాజులు పగిల్తే అంగట్లో దొరుకుతాయి. కండ్లు ఏ అంగట్లో దొరుకుతాయి చెప్పు."

"కండ్లు పోతాయని నీ బయం. మొగుడు పోతాడని నా బయం. ఎవురి బయం వాళ్ళది సారూ."

ఆ మాటకు సార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మకే కంగారు పుట్టి, నావైపు చూసింది. చివరికి ఆయన మెల్లగా, "పసుపు దారం కట్టుకుంటే బోడి చేతులు అనరు గదా తల్లీ?" అని అడిగారు.

మా అమ్మ ఆలోచించింది. "దారముంటే సరే" అంది.

"దారం మెరవదు. నాకదే గావల్ల" అన్నారు సార్. ఆ వారంలోనే తట్ట పక్కన పసుపు రాసిన దారపు ఉండ ఒకటి వచ్చింది. అమ్మాయిలందరం గాజులు తీసి, మణికట్టుకు దారం చుట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. నేను ఇవాళ్టికీ చుట్టుకుంటాను. మా అమ్మ మాటకు ఆయన అంతసేపు ఎందుకు మూగబోయారో మాత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆయన భయపడే ఆ వెలుతురు గురించి చెప్పడం మొదలుపెడితే మాత్రం గంట కొట్టినా ఆపేవారు కాదు. "శింగనమల చెరువు నిండింది చూసినావా నువ్వు?" అని నన్నడిగేవారు. "ఆ నీళ్ళు కాలవలో మెల్లగా పోతే మడి పండుతాది. అవే నీళ్ళు, అన్నీ, ఒక్క చిటికెలో, ఒక్క సూది బెజ్జంలోంచి దూరితే?"

"ఏమవుతాది సార్?"

"ఏమవుతాదో చూడాలనే ఆ యంత్రాలు కట్టేది."

వెలుతురును మొదట సాగదీస్తారు, అలా సాగిన దానికి బలం పెంచుతారు, మళ్ళీ ఒక్కసారిగా నొక్కేస్తారు. ఆ నొక్కిన వెలుతురును గుండుసూది మొనకన్నా చిన్న చోట పడేస్తారు. అక్కడ రాయి రాయిగా ఉండదు, ఇనుము ఇనుముగా ఉండదు. అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడి పడతాయి. రెప్పపాటులో లెక్కకందనంత చిన్న వంతు సేపు, ఆ మొన మీద నక్షత్రం కడుపులో ఉండే వేడి పుడుతుంది. ఇదంతా ఆయన సుద్దముక్కతో గీస్తూ చెప్పేవారు. చెప్పేటప్పుడు ఆ వాలు చూపు కిటికీలోంచి బయటికి పోయేది. బయట ఎండిన వేరుశెనగ చేలు, ఎర్ర నేల, మబ్బు తునక లేని ఆకాశం.

"అంత వెలుతురు చూసేకి ఎట్లుంటాది సార్?" అని అడిగాను ఒకసారి.

"మసకెరుపు. ఆరిపోయే బొగ్గు మాదిరి. అంతకంటే కనపడదు. అదే దాని మోసం పాపా. కంటికి కొంచెమే తోస్తాది, కన్నేమో మొత్తం తీస్కపోతాది."

మా సీమవాళ్ళకు వెలుతురంటే భయం కొత్తగా నేర్పనక్కరలేదు. ఆకాశం ఎంత తెల్లగా ఉంటే ఆ ఏడు అంత దిగులు. అయినా మా ఎండ చెప్పి కొడుతుంది. నీడకు పరిగెత్తే వ్యవధి ఇస్తుంది. సార్ చెప్పే వెలుతురు ఆ మర్యాద కూడా పాటించదు. నాకు దాని మీద భయంతోపాటు ఆశ కూడా పుట్టింది. పులి అని తెలిశాక దాన్ని చూడకుండా ఉండలేనితనం ఒకటి ఉంటుంది.

పై చదువులు అయ్యి, అలాంటి వెలుతురు మీద పనిచేసే పరిశోధనాశాలలో నాకు చోటు దొరికినప్పుడు, మా అమ్మ చేసిన ఓళిగలు, అదే బొబ్బట్లు, పట్టుకుని సార్ ఇంటికి వెళ్ళాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన ఓళిగ ముట్టుకోలేదు. పెద్దమ్మ నెయ్యి కాచుకొస్తానని వంటింట్లోకి వెళ్ళగానే, కుర్చీ నా దగ్గరికి లాక్కున్నారు. నా చెవి పక్కకు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పారు.

"పెండ్లయిన ఏడు అది. ఉగాది దాటేదాకా అల్లుడు ఉంగరం తీయగూడదని మీ పెద్దమ్మవాళ్ళింటి ఆచారం. తీస్తే కీడంట. నేను బయల్దేరేటప్పుడు బస్సు కాడ చెయ్యి పట్టుకుని మాట అడిగింది. ఫిజిక్స్ చదివినోన్ని, నాకు నమ్మకం ల్యాదు. ఆమె మొగం జూసి మాటిచ్చినా."

పరిశోధనాశాలలో ఉంగరం పెట్టుకోకూడదు. ఈయన ఇటు మాట తప్పలేక, అటు నియమం తప్పలేక, ఉంగరం మీద నల్ల టేపు చుట్టుకుని లోపలికి వెళ్ళేవారు.

"ఆ పొద్దు టేపు అంచు లేసిండాది. నేను చూసుకోలేదు. చుక్క సరిగా ఆనల్యాదని వెలుతురాపే కండ్లద్దాలు పైకెత్తినా. అద్దం తిప్పేకి చెయ్యి పెట్టినా. తలకాయలో టప్‌మని ఒక శబ్దం. బయట ఏందో పగిలిందనుకున్యా. పగిలింది నా కంట్లో. చేతి దిక్కు చూస్తే చెయ్యి ల్యాదు. ఉంగరం దిక్కు చూస్తే ఉంగరం ల్యాదు."

వంటింట్లో గిన్నె చప్పుడయింది. సార్ ఆగి, మళ్ళీ చెప్పారు.

"ఆమెకు అద్దం జారిందని చెప్పినా. నాకు కీడు తగలగూడదని ఆమె అడిగిన మాటే నాకు కీడయిందంటే ఎట్ల బతుకుతాది? నీకు యాల చెప్తాండానంటే, లోపలికి పోయేటప్పుడు నువ్వు ఎవురికీ ఏ మాటా ఇచ్చి పోగూడదు. మీయమ్మకు గూడా. ఇంక ఈ సంగతి మీ పెద్దమ్మ చెవిన పడగూడదు."

"పడదు సార్" అన్నాను. లోపలికి వెళ్ళేటప్పుడు ఎవరికీ మాట ఇవ్వవద్దని చెబుతూనే నా దగ్గర ఆయన మాట తీసుకున్నారు. అది ఇద్దరికీ తోచలేదు.

పెద్దమ్మ నెయ్యి గిన్నెతో వచ్చింది. సార్ ఓళిగ తుంచి, "పసుపు దారం ఆలోచన అప్పుడే వచ్చింటే బాగుండు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఆమె, "ఏ దారం?" అంది. ఆయన ఓళిగ నెయ్యిలో అద్దుకున్నారు.

కన్ను పోయిన తర్వాత ఆయన ఆ ఉంగరం మళ్ళీ పెట్టుకోలేదు. ఏ ఉంగరమూ పెట్టుకోలేదు. బంధువులు ఊరుకుంటారా? కట్టుకున్నదాని మీద మనసు లేదు, అందుకే అత్తింటి ఉంగరం వేలికి పెట్టడు అని పెద్దమ్మ వినేలాగే అనేవాళ్ళు. నిజం చెబితే ఆ నోళ్ళు మూతపడతాయి, ఆమె గుండె పగులుతుంది. చెప్పకపోతే ఆమె మొగుడి మనసులో చోటు లేనిదానిలా బతకాలి. సార్ రెండోది ఎంచుకున్నారు. నేను దానికి కాపలాదారునయ్యాను.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఫోనులో "కండ్లు భద్రమా?" అన్న మాట వింటూ వచ్చాను. మా యంత్రం బలం పెంచామని చెబితే కళ్ళద్దాలు మార్చారా అని అడిగేవారు. ఒకసారి లోపల ఒక పెద్ద అద్దం మీద ఆవగింజంత మచ్చ వచ్చిందనీ, మర్నాటికి అది కాలి గుంట పడిందనీ చెప్పాను. "మచ్చ మొదట చిన్నదిగానే ఉంటాది. దాన్ని కనిపెట్టుకోని ఉండు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆఖరిసారి మాట్లాడింది ఈ వేసవి మొదట్లో. "పాపా, ఈ మధ్య ఆ శబ్దం మళ్ళీ ఇనపడ్తాండాది. టప్‌మని. పట్టపగలే" అన్నారు. నేను భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. "కంటిది గాదులే. ఎండలు ముదిరినాయి, అంతే" అని పెద్దమ్మకు ఫోను ఇచ్చేశారు.

పోయిన రోజు జరిగింది ఇదీ. కాలేజీ పాత ల్యాబును కొత్త భవనంలోకి మారుస్తున్నారు. పనికిరాని సామాను ఆవరణలో కుప్ప పోశారని ఎవరో సార్‌తో అన్నారట. అందులో తన తట్ట ఉంటుందని ఆయన మిట్టమధ్యాహ్నం తలకు టవలు చుట్టుకుని నడిచిపోయారు. పెద్దమ్మ అడ్డం పడింది. ఎండ తగ్గాక పోదువులే అంది.

"ఈ ఎండ నాకు కనపడ్తాది గదే. కనపడేదానితో బయం ల్యా" అన్నారట.

తట్ట దొరికింది. దాన్ని సంకలో పెట్టుకుని బయల్దేరారు. రోడ్డు మీద ఎండ తట్టకు తగిలి ఎదురుగా వచ్చే మోటార్‌సైకిలు వాడి ముఖం మీద మెరిసింది. వాడు కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని, తూలి, ఎలాగో నిలదొక్కుకుని వెళ్ళిపోయాడు. ఇదంతా గేటు దగ్గర నిలబడి చూసిన కాలేజీ అటెండరు తర్వాత మాకు చెప్పాడు. "మోటార్‌సైకిలోడు అరిచినాడు. సారుకు అర్థమయిపోయింది. తలకున్న టవలు ఇప్పి తట్టకు చుట్టినాడు. ఉత్త తలతో పోతాండాడే అని నేను పిలిచినా. ఎవురి కండ్లల్లోనన్నా పడుతాదప్పా అన్యాడు. పోయినాడు."

ఆ ఎండలో, ఆ వయసులో, ఉత్త తలతో ఇల్లు చేరారు. గడప దగ్గర తట్ట కింద పెట్టడానికి కళ్ళు మూసుకుని వంగారు. మళ్ళీ లేవలేదు.

పదో రోజుకు నేను అనంతపురంలో ఉన్నాను. గాజులు తీయడానికి బంధువుల ఆడవాళ్ళు పెద్దమ్మ చుట్టూ చేరారు. బతికినన్నాళ్ళూ ఉంగరం గురించి పుల్లలు వేసిన నోళ్ళే, ఇప్పుడు ఏడుపు గొంతులు పెట్టుకుని రాయి పట్టుకొచ్చాయి. గాజుల మీద కొట్టడానికి రాయి. నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మ చేతులు ముందుకు చాచలేదు. "పాపా, ఆ తట్ట ఇట్ల తే" అంది నాతో.

టవలు విప్పి తట్ట ఆమె ముందు పెట్టాను. "యాడ తీయమనె ఆయప్ప? దీంట్లోనే గదా!" అంటూ తన గాజులు తనే ఒక్కొక్కటీ తీసి తట్టలో వేసింది. ఒక్కటి కూడా పగలలేదు. రాయి పట్టుకున్న ముసలమ్మ ఏం చేయాలో తెలియక నిలబడిపోయింది. నా చేతికున్న పసుపు దారం చూసి పెద్దమ్మ కాసేపు దాన్ని వేలితో తాకింది.

ఆడవాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ నడుముకున్న సంచి విప్పి ఉంగరం తీసింది. నేను ఆ ఉంగరాన్ని చూడడం అదే మొదటిసారి. లోపలివైపు అంచున నల్లటి జిగురు గీత ఒకటి, ఎండి గట్టిపడిపోయి ఉంది.

"ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు దీన్ని జేబులో పెట్టుకోని వచ్చినాడు. ఈ నల్లజిగురు ఏందని అడిగితే అద్దం జారిందే అన్యాడు. నేను జిగురు గురించి అడిగితే ఆయప్ప అద్దం గురించి చెప్పె" అంది. నా ముఖంలోకి నేరుగా చూసింది. "నీకు చెప్పిండాడు గదా పాపా. నా మాట వల్లనే గదా?"

సార్‌కు ఇచ్చిన మాట గుర్తుకొచ్చింది. కాదని అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆ కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాను. నా చూపు ఆమె చెవి పక్కకు జారిపోయింది, అచ్చం సార్ చూసినట్టు.

"సర్లే. ఆయప్ప గూడా ఇట్లనే చూసె" అంది పెద్దమ్మ.

ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఆమెకు తెలుసు. తనకు తెలుసని ఆయనకు తెలిస్తే ఆయన తట్టుకోలేడని ఆమె కూడా దాచింది. బంధువుల మాటలు పడింది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే నిజాన్ని ఒకరికొకరు కనపడకుండా కొంగున కట్టుకుని బతికారు. ఇంత ప్రేమను చూసి సంతోషించాలో భయపడాలో నాకు తెలియలేదు.

"తట్ట నా కాడే ఉండనీ. పానం పోగొట్టుకోని తెచ్చినాడు, దాంట్లోనే అన్నం తింటా" అంది. ఉంగరం నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "దీన్ని నువ్వు తీస్కపో. మీ తలుపు కాడ తట్టలో ఎయ్యి. అప్పుడు లోపలికి పోయె. ఈసారన్నా బయటుండనీ."

మళ్ళీ పనిలో చేరిన రోజు తలుపు దగ్గర నా గాజులు తీసి తట్టలో వేశాను. దారం చుట్టుకున్నాను. ఆ ఉంగరాన్ని కూడా గాజుల పక్కన వేశాను. అందరం లోపలికి వెళ్ళి, కళ్ళద్దాలు పెట్టుకుని, అద్దాలు సరిచేసి, బయటికి వచ్చాం. ఎవరి వస్తువులు వాళ్ళు తీసుకున్నారు. మా దగ్గర తలుపులకు తాళాలు, దీపాలు, గంటలు ఎన్నో ఉన్నాయి. అయినా వెలుతురు వదిలే ముందు చివరి మనిషి తట్ట చూసి తీరాలి. సార్ దగ్గర నేర్చుకుని ఆ అలవాటును అక్కడికి తీసుకుపోయింది నేనే. తట్ట ఖాళీ అయితేనే మీట నొక్కుతారు.

ఆ రోజు తట్ట చూడడం నా సహోద్యోగి వంతు. ఉంగరం కనపడగానే అతని ముఖం మారింది. మీట దగ్గరున్న మనిషికి ఆగమని చేయి ఊపాడు. తలలు లెక్కపెట్టాడు. అందరం ఉన్నాం. మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత తలుపు కొంచెం తెరిచి, ఆ చీకటి గదిలోకి, "లోపల ఎవరు?" అని గట్టిగా పిలిచాడు.

అది నాదేనని ఒక్క మాట చెబితే అయిపోయేది. యంత్రం లోపల వెలుతురు సిద్ధంగా ఉంది. దాని ముందు తట్టలో నల్ల జిగురు గీత ఉన్న ఉంగరం ఒక్కటే ఉంది. అది అక్కడ ఉన్నంతసేపూ ఎవరూ మీట మీద చేయి వేయలేదు. అతను నావైపు తిరిగి, లోపల ఎవరున్నారని మళ్ళీ అడిగాడు.

ఒక్క నిమిషం ఆగమన్నాను.